గ్రీకు పేరు చెప్పి అన్నం అడగొద్దనకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ప్రకాశం జిల్లా ఎడిషన్‌లో ఆదివారం వచ్చే భక్తి పేజీ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, కోయాల్సి వస్తే వ్యాకరణం ఉన్న చోట మాత్రం కోయకండి, అసలు గొడవంతా అక్కడే ఉంది.

యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అనే మాట మీద మీ పేజీలో ఒక వ్యాసం వచ్చింది. అందులో రచయిత చెప్పినవి మూడు. ‘అనుదిన’ అన్న చోట మూలంలో ఉన్న గ్రీకు మాట ‘ఎపియూసియోన్’ అనీ, చివర ‘ఓన్’ ఉంది కాబట్టి అది నపుంసకలింగమనీ, అందువల్ల అది తినే వస్తువు గురించి కాక ఏదో అతీతమైన తత్వం గురించి చెప్పిందనీ ఒకటి. దాని అర్థం ‘పదార్థానికి మించినది’ అని రూఢిగా తేలిపోయిందని రెండోది. కాబట్టి ఈ ప్రార్థనలో కూడూ గుడ్డా అడుక్కునేవాళ్లు శరీర సంబంధులనీ, వాక్యం తెలియనివాళ్లనీ మూడోది. రెండు వారాలు తిరక్కుండానే దీనికి జవాబుగా ఇంకొకరి లేఖ వేశారు. ఈజిప్టులో దొరికిన పాత కాగితంలో ఇదే మాట ‘రోజు బత్తెం’ అనే అర్థంలో ఉందట, కాబట్టి ఇక వాదన ముగిసిందట. ఈ రెండు కటింగులూ ఫోన్లలో ఫొటోలుగా తిరుగుతున్నాయి. మా సంఘంలో పొగాకు గ్రేడింగ్ పనికి పోయే ఒక పెద్దావిడ నన్ను పట్టుకుని ‘ఏమ్మా, ఇక బియ్యం కోసం ప్రార్థన చెయ్యకూడదంటగా, పేపర్లో రాశారంట’ అని అడిగింది. ఆమె అడిగాకే కలం పట్టాను.

నేను ముప్పయ్యేళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పాను. రిటైరయ్యాక ఒక పెద్ద పాస్టరుగారి దగ్గర కూర్చుని కొత్త నిబంధన గ్రీకు నేర్చుకున్నాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. అర్థం విషయంలో ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి పోను. కానీ వ్యాకరణం పేరు చెప్పి ఒకరి నోరు మూయించినప్పుడు ఆ వ్యాకరణం సరిగ్గా ఉందో లేదో చూడాలి కదా.

ముందు లింగం సంగతి. మన తెలుగులో విశేషణానికి ఏ బాధా లేదు. మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి చెట్టు, మంచివాళ్లను పిలిచినా తిట్టినా ‘మంచి’ మంచిగానే ఉంటుంది. సంస్కృతంలో అలా కుదరదు, విశేష్యానికి ఏ లింగమో ఏ వచనమో ఏ విభక్తో విశేషణానికీ అవే రావాలి. గ్రీకుదీ అదే పద్ధతి. మత్తయి సువార్త ఆరో అధ్యాయం పదకొండో వచనం గ్రీకులో ఇలా ఉంటుంది: ‘తోన్ ఆర్తోన్ హేమోన్ తోన్ ఎపియూసియోన్ దోస్ హేమిన్ సేమెరోన్’. ‘ఆర్తోస్’ అంటే రొట్టె, పుంలింగం. దయచేయమని అడుగుతున్నది రొట్టెనే కాబట్టి అది ద్వితీయా విభక్తిలోకి వెళ్లి ‘ఆర్తోన్’ అయింది. దాని వెంట నడిచే విశేషణం ‘ఎపియూసియోస్’ కూడా అదే విభక్తిలోకి వెళ్లి ‘ఎపియూసియోన్’ అయింది. రెండింటి ముందూ ఉన్న ‘తోన్’ అనే చిన్న మాట చూడండి, అది పుంలింగ ఏకవచన ద్వితీయకు గుర్తు. నపుంసకమే అయితే అక్కడ ‘తొ’ అని ఉండాలి. ఆ ఒక్క ‘తోన్’ కనబడితే చాలు, నపుంసకలింగం వాదన నిలవదు. మరి ‘ఓన్’ చూసి ఎందుకు పొరబడతారంటే, ఈ రకం విశేషణాలకు నపుంసకంలో ప్రథమా విభక్తి రూపం కూడా ‘ఎపియూసియోన్’ అనే ఉంటుంది, రూపం ఒకటే, పని వేరు. ఇంకో సంగతి, చాలా గ్రీకు విశేషణాలకు పుం, స్త్రీ, నపుంసకాలు మూడింటికీ మూడు రూపాలుంటాయి గానీ ఉపసర్గ చేరి పుట్టిన ఇలాంటి వాటికి మామూలుగా రెండే ఉంటాయి. పురుషుడికీ స్త్రీకీ కలిపి ‘ఎపియూసియోస్’, నపుంసకానికి ‘ఎపియూసియోన్’. వ్యాకరణ పుస్తకంలో పట్టిక వేసుకుంటే షష్ఠిలో ‘ఎపియూసియూ’, చతుర్థిలో ‘ఎపియూసియో’, బహువచనం ప్రథమలో ‘ఎపియూసియోయ్’ అని అన్నీ వరసగా వచ్చేస్తాయి. కానీ కొత్త నిబంధన మొత్తం మీద ఈ మాట రెండే చోట్ల ఉంది, మత్తయి ఆరులో, లూకా పదకొండులో. రెండు చోట్లా ఇదే ప్రార్థన, ఇదే ద్వితీయా రూపం. ‘దిదాఖే’ అనే తొలికాలపు క్రైస్తవ గ్రంథంలోనూ ఇదే ప్రార్థన ఉంది, అక్కడా ఇదే రూపం. పట్టికలోని మిగతా గళ్లు మనం సూత్రం పట్టి నింపుకున్నవే.

ఇక అర్థం. ఇది తేలిపోయిందని రాయడం చూసి నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఈ మాట పద్దెనిమిది వందల ఏళ్ల నుంచి తేలలేదు. 233 ప్రాంతంలో ఓరిజెన్ అనే మహా పండితుడు ప్రార్థన గురించి ఒక గ్రంథం రాశాడు. అలెగ్జాండ్రియాలో పుట్టి పెరిగినవాడు, గ్రీకు ఆయన సొంత భాష. ఆయనే అంటాడు, ఈ మాట గ్రీకు పండితులెవరూ వాడలేదు, మామూలు జనం నోటా లేదు, సువార్త రాసినవాళ్లే కల్పించినట్టుంది అని. గ్రీకు మాట్లాడుతూ బతికినవాడికే ఈ మాట కొత్తగా వినిపించింది. అలాంటిదాన్ని ఆదివారం పేజీలో రెండు వాక్యాల్లో తేల్చేస్తే ఎలా?

అయితే ఆ ఓరిజెన్ కూడా ఒక అర్థం వైపు మొగ్గాడు, మీ వ్యాసకర్త చెప్పింది మొదట అక్కడ పుట్టిందే. ‘ఎపి’ అంటే మీద, కొరకు. ‘ఊసియా’ అంటే ఉనికి, సారం. రెండూ కలిపితే మన ఉనికికి కావలసిన ఆహారం అని వస్తుంది, ఆయన దాన్ని ఆత్మకు పట్టే ఆహారంగా తీసుకున్నాడు. మంచి ఆలోచనే. కానీ తెలుగు పండితురాలిగా నాకు ఇక్కడ సంధి అడ్డం తగులుతుంది. ఉత్తునకు అచ్చు పరమైతే సంధి అవుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చదువుకున్నాం కదా, రాముడు అతడు కలిస్తే రాముడతడు, ముందున్న ‘ఉ’ ఎగిరిపోయింది. గ్రీకులోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది, ‘ఎపి’ తర్వాత అచ్చు వస్తే చివరి ‘ఇ’ ఎగిరిపోతుంది. ‘ఎపి’కి ‘ఊరనోస్’ చేరితే, అంటే ఆకాశం చేరితే, ‘ఎపూరానియోస్’ అయింది, పరలోక సంబంధమైనది అని అర్థం, పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో ఆ మాట చూడొచ్చు. అక్కడ ‘ఎపి-ఊరానియోస్’ అని లేదు. ‘ఊసియా’కూ మొదటి అచ్చు అదే ‘ఊ’, మరి ఆ లెక్కన ఇక్కడ ‘ఎపూసియోస్’ అని రావాలి. రాలేదు, ‘ఇ’ పోకుండా నిలబడింది. ఈ సూత్రానికి మినహాయింపులు లేకపోలేదు. ఒట్టు తప్పినవాడికి ‘ఎపియోర్కోస్’ అనే మాట ఉంది, అక్కడా ‘ఇ’ పోలేదు. అందుకని ఓరిజెన్ చెప్పింది అసలు కుదరదని అనడానికి లేదు. కానీ బలహీనం.

మరి ఆ ‘ఇ’ ఎక్కడిది? గ్రీకులో ‘ఇయెనాయ్’ అంటే వెళ్లడం. దానికి ‘ఎపి’ చేర్చి శత్రర్థకంలో స్త్రీలింగం చేస్తే ‘ఎపియూసా’ వస్తుంది, అంటే ‘వచ్చుచున్నది’ అని. దినం అనే మాట గ్రీకులో స్త్రీలింగం కాబట్టి, ఆ దినం అనే మాట పక్కన లేకపోయినా ‘హే ఎపియూసా’ అంటే ‘వచ్చే రోజు’ అని అందరికీ అర్థమయ్యేది. ఇక్కడ ‘ఇ’ క్రియ సొత్తు, ఉపసర్గ ‘ఇ’ సంధిలో ఎగిరిపోయినా ఇది ఉంటుంది. దీనికి ‘ఇయోస్’ అనే తద్ధిత ప్రత్యయం చేరిస్తే ఎపియూసియోస్, ‘వచ్చే దినానికి చెందిన’ అని అర్థం. ఇలా పుట్టిన వేరే మాటలూ ఉన్నాయి, ఇష్టపడి చేసేదాన్ని ‘హెకూసియోస్’ అంటారు, అదీ ఈ తీరుగా ఏర్పడిందే.

పైగా ‘ఎపియూసా’ అరుదైన మాట కానే కాదు. అపొస్తలుల కార్యములలోనే అయిదు చోట్ల ఉంది, మన తెలుగు బైబిల్లో ‘మరునాడు’ అని చదువుకునే చోట్లు అందులో ఉన్నాయి, ఒక చోట ‘వచ్చే రాత్రి’ అనే అర్థంలో రాత్రికి విశేషణంగా వచ్చింది. సామెతల గ్రంథం పాత గ్రీకు అనువాదంలో, ఇరవై ఏడో అధ్యాయం మొదటి వచనంలో, రేపటి గురించి గొప్పలు పోవద్దు, వచ్చే దినం ఏం కంటుందో నీకు తెలియదు అనే చోట ఆ వచ్చే దినం ‘హే ఎపియూసా’యే. ఇంకా ముందుకు పోతే ప్లేటో రాసిన ‘క్రీటో’ సంభాషణ ఉంది. సోక్రటీస్ జైల్లో ఉన్నాడు. ఇంకా తెల్లవారలేదు. స్నేహితుడు క్రీటో వచ్చి పక్కన కూర్చున్నాడు. డీలోస్ ద్వీపం నుంచి ఓడ వచ్చిన మరుసటి రోజున మరణశిక్ష అమలవుతుంది, ఆ ఓడ ఇవాళే వచ్చేస్తుందని క్రీటో కంగారు. సోక్రటీస్‌కు ఒక కల వచ్చింది, దాన్ని బట్టి ఓడ ‘వచ్చే దినాన’ రాదు, ఆ తర్వాతి దినాన వస్తుంది అంటాడు. ఆ చీకటిలో ఆయన ‘వచ్చే దినం’ అన్నది ఇంకాసేపట్లో తెల్లారబోయే రోజును, అంటే ఇవాళనే. ఎపియూసా అంటే ఎప్పుడూ మన క్యాలెండర్ లెక్కలో రేపు అనే కాదన్నమాట. తెల్లవారుజామున అంటే మొదలవబోయే ఈ రోజు, సాయంత్రం అంటే రేపు.

ఇది అర్థమైతే ఒక పెద్ద చిక్కు విడిపోతుంది. ‘రేపటి ఆహారం’ అనే అర్థాన్ని కాదనేవాళ్లు ఏమంటారంటే, అదే ఆరో అధ్యాయం చివర యేసు ‘రేపటినిగూర్చి చింతింపకుడి’ అన్నాడు కదా, అలాంటప్పుడు ఆయనే రేపటి తిండి అడగమంటాడా అని. మా సంఘాల్లో తెల్లవారుజాము ప్రార్థనలకు వచ్చేవాళ్లలో సగం మంది అటునుంచి అటే పనికి పోయేవాళ్లు. వాళ్లు ఆ చీకటిలో ఈ ప్రార్థన చెబితే వచ్చే దినం అంటే ఆ పూట పనికి పోయే దినమే. సాయంత్రం చెబితే రేపటిది. అదీ తప్పెలా అవుతుంది? మన ఇళ్లలో రాత్రి అన్నంలో నీళ్లు పోసి పక్కన పెట్టే చద్దిని చూడండి, అది ఇవాళ చేతికొచ్చిన రేపటి తిండి. కుండలో చద్ది ఉందని తెలిసిన మనిషి రేపటి గురించి చింత లేకుండా పడుకుంటుంది. నా మటుకు నాకు అడగడమూ చింతించకపోవడమూ ఒకదానికొకటి అడ్డం కావు, అడిగేశాం కాబట్టే చింత మానొచ్చు. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో దేవుడు అరణ్యంలో ఇచ్చిన ఆహారం మన్నా సంగతి కూడా అంతే, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, కానీ ఆరో రోజున మాత్రం విశ్రాంతి దినానిది కూడా కలిపి రెండింతలు ఇచ్చాడు. రేపటిది ఇవాళే ఇవ్వడం దేవుడికి కొత్త కాదు.

నా మొగ్గు ‘వచ్చే దినపు ఆహారం’ వైపేనని ఈపాటికి తెలిసిపోయే ఉంటుంది. కానీ అదే ఖాయమని బల్ల గుద్దను. పాత అనువాదకులు ఎన్ని దారులు పట్టారో చూస్తే ఎవరికైనా గొంతు తగ్గుతుంది. నాలుగో శతాబ్దపు పండితుడు జెరోమ్ లాటిన్‌లో సువార్తలను సవరించినప్పుడు ఇదే గ్రీకు మాటను లూకాలో ‘అనుదిన’ అనే అర్థంలో వదిలేసి, మత్తయిలో ‘సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్’ అని పెట్టాడు, అంటే పదార్థానికి మించినది. మీ వ్యాసకర్త పట్టుకున్నది ఇదే. కానీ ఒకే మనిషి, ఒకే మాట, రెండు చోట్ల రెండు అనువాదాలు! అదే జెరోమ్ 398లో మత్తయి మీద వ్యాఖ్యానం రాస్తూ, హెబ్రీయుల సువార్త అని పిలిచే ఒక పాత గ్రంథంలో ఈ చోట ‘మాహార్’ అనే మాట ఉందనీ, అంటే ‘రేపటి’ అనీ చెప్పాడు. ఆ సంగతి వ్యాసంలో ఎందుకు లేదు? సిరియా క్రైస్తవుల పెషిత్తా అనువాదంలో, అంటే కేరళలోని పాత సిరియన్ సంఘాలవాళ్లు తరతరాలుగా చదువుకున్న బైబిల్లో, ‘మా అవసరానికి తగిన రొట్టె’ అని ఉంటుంది. ఈజిప్టు కోప్టిక్ అనువాదాల్లో రాబోయే, రేపటి అనే అర్థాలున్నాయి. అదే కాలపు బోధకుడు జాన్ క్రిసోస్టమ్ అంతియొకయ పట్టణంలో గ్రీకులోనే ప్రసంగాలు చేసిన మనిషి, ఎపియూసియోస్ రొట్టె అంటే ఏమిటని తనే అడిగి ‘ఆ ఒక్క రోజుకు సరిపడేది’ అని చెప్పాడు. కాథలిక్ సంఘం 1992లో వెలువరించిన ధర్మోపదేశ గ్రంథంలో కూడా ఒక్క అర్థానికి కట్టుబడలేదు, రోజు అవసరం అనే అర్థాన్నీ, ఉనికికి మించినది అనే అర్థాన్నీ పక్కపక్కనే ఇచ్చారు.

ఇంకో మాట కూడా అడగాలి. వట్టి ‘రోజువారీ’ అనడమే ఉద్దేశమైతే గ్రీకులో దానికి మాటలు లేకనా? ఉన్నాయి. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో ఒంటి మీద బట్ట లేక ఆ నాటి భోజనం లేక ఉన్నవాళ్ల గురించి రాసినప్పుడు ‘ఎఫేమెరోస్’ అనే విశేషణం వాడారు. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలో విధవరాండ్రకు జరిగే అనుదిన పరిచర్య దగ్గర ‘కథేమెరినోస్’ వాడారు. ఆ రెండూ చేతిలో ఉండగా వాటిని కాదని ఎవరూ వినని మాటను ఇక్కడ పెట్టారంటే ఏదో చెప్పాలనే పెట్టి ఉంటారు. అందుకే రెండోసారి వచ్చిన లేఖలో ‘రోజు బత్తెం, అంతే’ అని కొట్టిపారేసిన తీరు కూడా నాకు నచ్చలేదు.

ఆ లేఖలోని ఈజిప్టు కాగితం కథ నిజానికి చాలా గొప్ప కథ, సగమే చెప్పారు. ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఈజిప్టులోని హవారా దగ్గర తవ్వకాలు చేశాడు. అక్కడ దొరికిన పపైరస్ అనే పాతకాలపు కాగితం ముక్కల్లో ఒకదాన్ని సేస్ అనే పండితుడు చదివి 1889లో అచ్చు వేయించాడు. ఇంటి ఖర్చుల చిట్టా అది, మన కిరాణా పద్దులాంటిది. అందులో ఒక చోట ‘ఎపియూసి’ అని అక్షరాలున్నాయని ఆయన చదివాడు. పండితులకు ఎంత సంతోషమో ఊహించండి, ఓరిజెన్ ఎక్కడా లేదన్న మాట ఎవరో ఇంట్లో సరుకుల లెక్కలో దొరికింది! అప్పటినుంచి నిఘంటువుల్లో, వ్యాఖ్యానాల్లో ‘రోజు బత్తెం’ అనే అర్థానికి ఇదే సాక్ష్యమైంది. తీరా మళ్లీ సరిచూద్దామంటే ఆ పపైరస్ కనబడలేదు. దశాబ్దాల పాటు దాన్ని మళ్లీ చూసినవాళ్లు లేరు, సేస్ చదివిందే వేదమైంది. చివరికి 1998లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం బైనెకీ గ్రంథాలయంలో బయటపడింది. ఇద్దరు పండితులు దాన్ని కొత్తగా చదివి 1999లో ప్రకటించారు. అక్కడ ఉన్నది ఎపియూసి కాదు, ‘ఎలాయూ’. నూనె! సేస్ అక్షరాలు పొరబడి చదివాడు. అంటే ఆ చిట్టాలో ఉన్నది నూనె ఖర్చు. 1889 నుంచి 1999 దాకా, నూటపదేళ్లు, ఒక నూనె పద్దు మీద ఎంతమంది ఎన్ని పేజీలు రాశారో. మీ పత్రికలో ఇప్పుడు కూడా అదే సాక్ష్యంగా అచ్చయింది. ఇది లేఖ రాసినవారి తప్పని అనను, పాత పుస్తకాలు చూసి ఉంటారు. కానీ దీనికి దిద్దుబాటు వేయాలి.

లూకా దగ్గర ఇంకో సూక్ష్మం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. మత్తయిలో ‘దోస్’ అని ఉంది, ఒక్కసారి ఇచ్చెయ్యి అన్నట్టు ఉండే విధిరూపం, పక్కన ‘సేమెరోన్’, నేడు. లూకాలో అదే ధాతువు ‘దిదూ’ అయింది, ఇస్తూ ఉండు అనే రూపం, పక్కన ‘తొ కథ్ హేమెరాన్’, దినదినమూ. క్రియ మారింది, కాలం చెప్పే మాట మారింది. విశేషణం మాత్రం కదల్లేదు, రెండు చోట్లా ఎపియూసియోన్. మన తెలుగు బైబిల్లో కూడా మత్తయిలో ‘నేడు’, లూకాలో ‘దినదినము’ అని తేడా చక్కగా చూపించారు. అందులో ఇంకొకటి గమనించండి, గ్రీకులో ఉన్నది రొట్టె. సాతాను యేసును శోధించిన చోట, మనుష్యుడు రొట్టెవలన మాత్రము జీవించడు అన్నచోట రొట్టె అనే ఉంచిన మన అనువాదకులు ఈ ప్రార్థనలో ‘ఆహారము’ అన్నారు. అన్నం తినే దేశంలో చెప్పుకునే ప్రార్థన ఇది, నెల్లూరు మొలగొలుకుల బియ్యం వండుకునే ఇంట్లోనూ రాగి సంకటి వండుకునే ఇంట్లోనూ నోట్లో ఒదిగే మాట పెట్టారు. వాళ్లకు నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

ఇక మీ వ్యాసంలోని మూడో మాట, శరీర సంబంధులు అన్నది. ఈ మాట ఏ ఊళ్లో అచ్చయిందో ఒకసారి ఆలోచించాలి. నెల్లూరులో 1840లో మొదలైన బాప్టిస్టు మిషను ఒంగోలు వచ్చి వేళ్లూనుకున్న సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు పడ్డప్పుడు ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న మాల మాదిగ పల్లెల జనానికి కూలి ఇప్పించారు. ఏ పూట కూలి ఆ పూట గింజలు. తిండి కోసమే మతంలోకి వచ్చారనే మాట పడకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశారు కూడా. కరువు తీరాక 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా సంఘాల్లో చాలామంది ముత్తాతలు ఆ నీళ్లలో దిగినవాళ్లే. ఆకలి అంటే ఏమిటో ఒంటికి తెలిసిన ఆ జనం ‘మా అనుదినాహారము’ అని నేర్చుకున్నప్పుడు వాళ్ల మనసులో ఏముండి ఉంటుంది? గింజలే ఉంటాయి. ఆ గింజలతో పాటు దేవుడూ ఉంటాడు. రెండింటినీ విడదీసి, గింజలు అడిగినవాడు తక్కువవాడని చెప్పే హక్కు ఏ గ్రీకు విశేషణమూ ఎవరికీ ఇవ్వలేదు. ఆత్మకు ఆహారం అని ధ్యానించుకునేవాళ్లు ధ్యానించుకోవచ్చు, ఓరిజెన్ అంతటివాడు తోడున్నాడు. సామెతల గ్రంథం ముప్పయ్యో అధ్యాయంలో తగినంత ఆహారం అనుగ్రహించమని అడిగిన ఆగూరు కూడా బైబిల్లోనే ఉన్నాడు కదా.

నేను కోరేది ఇంతే. ఒకటి, ‘ఎపియూసియోన్’ నపుంసకలింగం అన్నది తప్పనీ, అది ‘ఆర్తోన్’తో పాటు నడిచే పుంలింగ ద్వితీయా రూపమనీ అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో దిద్దుబాటు వేయండి. రెండు, ఈజిప్టు పపైరస్‌లో ఆ మాట లేదని తేలిన సంగతి వేయండి. మూడు, ఇకపై ఆ పేజీలో గ్రీకు గానీ హెబ్రీ గానీ ఉటంకించే వ్యాసం వస్తే అచ్చుకు ముందు ఆ భాష చదివిన ఎవరికైనా ఒకసారి చూపించండి. మన ప్రాంతంలో అలాంటి పాస్టర్లు, రిటైరైన వేదాంత ఉపాధ్యాయులు ఉన్నారు, పిలిస్తే డబ్బులు కూడా అడగరు. తెలుగు లిపిలో గ్రీకు రాయడం దగ్గర కూడా కాస్త జాగ్రత్త పడాలి, మొన్నటి వ్యాసంలో ఇదే మాట ఒక పేరాలో ఎపియూసియోన్ అనీ, ఇంకో పేరాలో ఎపిసియోన్ అనీ, బాక్సులో ఇపోసియన్ అనీ మూడు రకాలుగా పడింది, చదివేవాళ్లు మూడు వేరే మాటలనుకుంటారు.

నన్ను అడిగిన ఆ పెద్దావిడకు, ఎప్పటిలాగే అడగమ్మా, వాక్యంలో ఏ అడ్డూ లేదు అని చెప్పాను. ఆమె నా మాట విన్నదో లేదో తెలియదు గానీ పేపర్లో అచ్చయితే మాత్రం నమ్ముతుంది. అందుకే దిద్దుబాటు త్వరగా వేయమని అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
ఒంగోలు.